మూడో హారన్

పర్లాకిమిడిలో మా వీధికి కొమ్ముపొడి వాసన.
గేదెకొమ్ము కాచి, వంచి, ఆకురాయి పట్టి
కొంగలు చేస్తాం, రొయ్యలు చేస్తాం,
ఎవరూ తల దువ్వుకోని దువ్వెనలు చేస్తాం.
ఇరవై రెండేళ్లుగా నా వంతు మెరుగు పెట్టడం.
కొమ్ముని ఊదుతారు కూడా అని
నలభై నాలుగో ఏట గుర్తొచ్చింది నాకు.

ఆదివారం సాయంత్రాలు
మూతపడ్డ బియ్యం మిల్లులో ఆరుగురు కూడతారు.
ఎక్కడో పెళ్లి బ్యాండొకటి చితికిపోతే
తూకానికి కొన్న ఇత్తడి హారన్లు.
ఒక్కోదానికి ఒక్కో సొట్ట,
సొట్టని బట్టే ఏది ఎవరిదో పోల్చుకుంటారు.
"హారనంటే, లారీదా?" అంది మా పిల్ల.
మా ఆయన ఏమీ అనలేదు,
గోడకేసి తిరిగి నవ్వుకున్నాడు.

చెప్పులు విప్పి
లోపలికి వెళ్లాలో వద్దో తెలియక
ధాన్యం కాటా పక్కన నిలబడ్డాను.
అందరూ కొమ్ములు తిరిగినవాళ్లే అయుంటారని భయం.
అప్పుడే హోమియోపతి పాణిగ్రాహిగారు
ఒక స్వరం తప్పి
"ఛ, పాడు పన్ను" అని కట్టుడుపన్ను మీద నెపం పెట్టాడు.
అందరూ నవ్వారు. నా కాళ్లు కదిలాయి.

"ఆసొ, బసొ" అంది కుట్టుమిషను సువర్ణ బిసోయి.
"రాయె, కూకో" అన్నాడు రైలు పాయింట్ల గొర్లె సూర్యం.
రెండు భాషల్లో
ఒకటే స్టూలు జరిపారు నాకోసం.

మొదటివారం నా హారన్‌లోంచి
గాలి వచ్చింది, ఉమ్మి వచ్చింది,
ఒకసారి సాలెగూడు ముక్క వచ్చింది.
స్వరం రాలేదు.
"ఏడి గంజి ఊదినట్టు కాదమ్మా.
నాలిక మీద ఎంట్రుక పడితే
తుపుక్కుమంటాం కదేటి, అలగ" అన్నాడు సూర్యం.
ఇంటికెళ్లి
లేని వెంట్రుకని వారమంతా ఉమ్మాను.

రెండోవారం నాలోంచి దూడ అరిచింది.
ఎవరూ భేషనలేదు.
సువర్ణ తన నీళ్ల సీసా నా వైపు తోసింది, అంతే.

నాకిచ్చింది ఒకే ఒక్క స్వరం.
పదహారో గీత దాటాక
వాళ్లు ఊపిరి పీల్చుకునే సందులో నేను.
లెక్కపెడతాను, పద్నాలుగు, పదిహేను...
గుణుపూర్ బండి కూత పెడుతుంది,
లెక్క ఆ బండెక్కి పోతుంది.
నా చోటు బోసిగా ఉండిపోతుంది.
ఎవరూ నావైపు చూడరు.
కొండమీది ఊరినించి సైకిలు దిగి వచ్చే లీమా గమాంగో
మొదటి గీత మీద మళ్లీ వేలు పెడతాడు.
మళ్లీ మొదటినించి.
ఏడోసారికి దూలం మీది పావురాలు
విసిగి లేచిపోయాయి.
మేం ఉన్నాం.

వానలు వెనకబట్టిన ఒక వారం
ఒక గీత ముందే పడ్డాను.
తప్పే. పూర్తిగా తప్పే.
కానీ ఆ తప్పు మోగింది,
లావుగా, గుండ్రంగా, కాటా పళ్లెం అదిరేలా.
ఊపిరికి ఆగకుండా
ఆరుగురూ ఒక గీత దూకొచ్చి నన్ను కలుసుకున్నారు.
పాట అయ్యాక పాణిగ్రాహిగారు
అద్దాలు తుడుచుకుంటూ
"మనమే లేటు" అన్నాడు వాళ్లతో.

పొద్దున్న పై పెదవి వాచింది.
పనిలో కూర్చున్నాను.
కొంగ ముక్కుకి కావాల్సింది గట్టిగా ఉండే కొస.
కొస కోసేస్తే మిగిలేది బోలు,
ఇన్నేళ్లూ దాన్ని దువ్వెనల బుట్టలో పడేసేదాన్ని.
ఇవాళ కోసిన చోటు ఆకురాయితో నునుపు చేసి
పెదవికి ఆనించాను.
వెంట్రుక, నాలిక, తుపుక్.

ఎదురింటి పాకలో
దానయ్యగారి గేదె
నెమరు ఆపి
ఇటు తల తిప్పింది.